చట్టాన్ని ఆఖరి మెట్టు మీద నిలబడి చదవండి

చిరంజీవులకు,

ఆశీస్సులు. ఒకరి ముఖం తీసి ఇంకొకరి ఒంటికి అతికించిన వీడియో ఫోన్లలో తిరగడం మొదలైతే, రెండు రోజుల్లో అందరి నోటా ఒకటే మాట వినిపిస్తుంది: "దీనికి గట్టి చట్టం తేవాలి." ఆ కోపం న్యాయమైనదే. అయితే జైలు ఏళ్లు పెంచితే చట్టం గట్టిదైపోయిందని చాలామంది అనుకుంటారు. చట్టం బలమంతా దాని మాటల్లో ఉంటుంది. ఆ మాటలు చివరికి ఎవరి చేతికి వస్తాయి? స్టేషన్లో ఎస్సైకి, కంపెనీలో ఫిర్యాదులు చూసే ఉద్యోగికి, ల్యాబులో తనిఖీకి వచ్చిన అధికారికి. కొత్త సాంకేతికత మీద చట్టం ముసాయిదా ఏది చేతికి వచ్చినా, ఆ ఆఖరి మెట్టు మీది మనిషి మీరే అనుకుని చదవండి.

దానికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. పాత చట్టాలు ఎంతదాకా అందుతాయో చూసుకోవాలి. నకిలీ వీడియో చూపించి డబ్బు గుంజితే అది బెదిరించి వసూలు చేయడమే. మరొకరిలా నటించి ముంచితే మోసం. పరువు తీస్తే పరువునష్టం. ఇవన్నీ కంప్యూటర్ పుట్టకముందు నుంచీ చట్టంలో ఉన్నవే. వీటికి అందకుండా మిగిలేవి కొన్నే. చేసిందెవరో తెలియకపోవడం ఒకటి. కోర్టు తలుపు తట్టేలోపే బొమ్మ ఊరంతా చుట్టిరావడం ఇంకొకటి. నగ్న నకిలీ బొమ్మ తయారుచేసి, ఎవరికీ పంపకుండా దగ్గర పెట్టుకున్నా నేరమేనా అన్నది మూడోది. కొత్త చట్టం ఈ మిగులు కోసం రాయాలి.

ఒక్కోసారి కొత్త చట్టంతో పని లేకుండా కోర్టులే పాత సూత్రాన్ని సరిచేస్తాయి. నేల ఎవరిదైతే దానిపైన ఆకాశం అంచు దాకా వారిదే అని ఒక పాత న్యాయసూత్రం ఉండేది. విమానాలు వచ్చాక అది ఎలా నిలుస్తుంది? అమెరికాలో నార్త్ కరోలినాలో కోళ్లు పెంచే ఒక కుటుంబం ఇంటికి 67 అడుగుల ఎత్తులో సైనిక విమానాలు దిగుతుండేవి. బెదిరిన కోళ్లు ఎగిరి గోడలకు కొట్టుకుని చచ్చేవి, ఒక్కోరోజు ఆరు నుంచి పది దాకా. మొత్తం మీద నూట యాభై దాకా పోయాయి. 1946లో ఆ దేశ సుప్రీంకోర్టు ఆకాశం దాకా హక్కు అన్న సూత్రాన్ని పక్కన పెట్టేసింది. అయినా ఆ కుటుంబానికి పరిహారం ఇవ్వాల్సిందేనంది. నేలను వాడుకోనివ్వనంత కిందుగా, అంత తరచుగా ఎగిరితే, ఆ నేలను లాక్కున్నట్టే లెక్క అని తేల్చింది. విమానం మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి పోకుండా, జరిగిన నష్టాన్ని పట్టుకుంది చూడండి.

మాటలు వదులుగా ఉంటే ఏమవుతుందో మన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ చూపించింది. 2008 సవరణతో వచ్చి, 2009లో అమల్లోకి వచ్చింది. ఆన్‌లైన్‌లో "తీవ్ర అభ్యంతరకరమైన" సమాచారం పంపినా, అబద్ధమని తెలిసీ "చికాకు", "అసౌకర్యం" కలిగించడానికి పంపినా మూడేళ్ల దాకా జైలు. ఇప్పుడు ఎస్సై కుర్చీలో కూర్చోండి. ఎదురుగా ఒక పెద్దమనిషి పోస్టు చూపించి మండిపడుతున్నాడు. చికాకు కలిగిందా? ఎదుటే కనిపిస్తోంది. వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఉంది. ఇక ఆపేది ఏముంది? 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో బంద్‌ను ప్రశ్నిస్తూ పోస్టు రాసిన అమ్మాయినీ, దాన్ని లైక్ చేసిన అమ్మాయినీ అరెస్టు చేశారు. 2015 మార్చి 24న మన సుప్రీంకోర్టులో జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్‌ల ధర్మాసనం ఆ సెక్షన్‌ను కొట్టేసింది. చర్చించడం వేరు, ఒక వాదాన్ని సమర్థించడం వేరు, జనాన్ని ఉసిగొల్పడం వేరు అని ఆ తీర్పు గీత గీసింది. మూడోదానికి చేరినప్పుడే ఆంక్షల మాట వస్తుంది.

గడువుల దగ్గర జరిగే పొరపాటు మరో రకం. అమెరికాలో 2025 మేలో వచ్చిన చట్టం ప్రకారం, అనుమతి లేకుండా పెట్టిన నగ్న చిత్రాన్ని, అది కంప్యూటర్ సృష్టించిందే అయినా, సరైన ఫిర్యాదు అందిన 48 గంటల్లో తీసేయాలి. బాధితులకు ఇది ప్రాణం లేచొచ్చే మాట. కానీ ఫిర్యాదులు చూసే ఉద్యోగి వైపు నుంచి చూడండి. తీయకపోతే కంపెనీకి చిక్కు. తీయకూడనిది తీస్తే ఏ చిక్కూ లేదు. అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ తీసిపారేయడమే అతనికి క్షేమం. అదే దేశపు 1998 కాపీరైట్ చట్టంలో దీనికి తిరుగుదారి ఉంది. తీసేసిన సంగతి పెట్టినవారికి చెప్పాలి. పొరపాటున తీశారని వారు రాతపూర్వకంగా బదులిచ్చాక, ఫిర్యాదీ కోర్టుకు వెళ్లకపోతే, 10 నుంచి 14 పనిదినాల్లో తిరిగి పెట్టాలి. 2025 చట్టంలో ఈ తలుపు లేదు. నగ్న చిత్రాల విషయంలో ముందు తీయడమే సరైనదని నా గట్టి నమ్మకం. కాకపోతే తీశాక మనిషే చూసి తేల్చడానికి ఒక గడువు, కావాలని తప్పుడు ఫిర్యాదు చేసినవారికి జరిమానా కూడా అదే చట్టంలో రాసి ఉండాలి.

బాగా రాసిన చట్టం ఎలా ఉంటుందంటారా? 1978లో బ్రిటన్‌లో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది. ప్రయోగశాలలో పిండాల మీద పరిశోధన చేయొచ్చా అని దేశం రెండుగా చీలింది. 1982లో మేరీ వార్నాక్ అనే తత్వవేత్త అధ్యక్షతన కమిటీ వేశారు. 1984లో నివేదిక, 1990లో చట్టం వచ్చాయి. ఆ మధ్యకాలాన్ని ఖాళీగా వదిలేయలేదు, 1985 నుంచి వైద్య, పరిశోధన సంస్థలే స్వచ్ఛందంగా లైసెన్సులిచ్చే ఏర్పాటు నడిపాయి. చట్టం పెట్టిన హద్దు 14 రోజులు. ఆ దగ్గరలోనే పిండంలో ఆదిమ రేఖ అనే సన్నని గీత కనిపిస్తుంది, అది ఏర్పడ్డాక పిండం కవలలుగా విడిపోవడం దాదాపు జరగదు. ప్రాణం ఎప్పుడు మొదలవుతుందన్న వాదన తేలనే లేదు. అయినా తనిఖీ అధికారి ల్యాబులో రిజిస్టరు తెరిచి రోజులు లెక్కపెట్టగలడు. "పిండాన్ని గౌరవంగా చూడాలి" అని మాత్రమే రాసి ఊరుకుంటే ఆయన ఏం లెక్కపెడతాడు?

66ఎ సంగతి ఇంకాస్త మిగిలింది. కొట్టేసిన తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆ సెక్షన్ కింద కేసులు పెడుతూనే వచ్చారు. స్టేషన్లో ఉండే చట్టం పుస్తకంలో సెక్షన్ అలాగే అచ్చయి ఉంటుంది, చెల్లదన్న మాట ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది, దీని కింద ఎవరినీ విచారించకూడదని. అందుకే ఒక చట్టం వచ్చినా, పోయినా ఎఫ్ఐఆర్ నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌లో సెక్షన్ల జాబితాను ఆ వారమే సవరించాలి. స్టేషన్‌కు సర్క్యులర్ చేరిందా, ఎస్సై చదివి సంతకం పెట్టాడా అని అడిగే అధికారి పేరు ఉత్తర్వులోనే ఉండాలి.

మీ క్షేమం కోరే
పెద్దనాన్న