బ్లాక్ స్పాట్ కాకముందే

కావలి దాటి ఒంగోలు వైపు వెళ్తుంటే హైవే పక్కన ఒక ఊరి అడ్డరోడ్డు వస్తుంది. అక్కడ టీ కొట్టు నడిపే పెద్దాయన తల తిప్పకుండానే, బ్రేకు చప్పుడు విని చెప్పేస్తాడు: "లారీ, ఆగిపోయింది లే." "కారు, పక్కకి కోశాడు." నేను కూర్చున్న గంటలో అలా మూడుసార్లు చెప్పాడు. ఆ మూడూ ఏ రికార్డుకీ ఎక్కవు. ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా!

జాతీయ రహదారి మీద ఒక చోటుని బ్లాక్ స్పాట్, అంటే తరచూ ప్రమాదాలు జరిగే చోటు, అని గుర్తించడానికి ఒక లెక్క ఉంది. సుమారు 500 మీటర్ల మేర, మూడేళ్లలో ప్రాణం పోయినవో తీవ్రంగా గాయపడినవో 5 ప్రమాదాలు జరగాలి, లేదా 10 మంది చనిపోవాలి. డబ్బు ముందు ఎక్కడ ఖర్చుపెట్టాలో తేల్చడానికి ఆ లెక్క కావాలి, కాదనను. కానీ అది మొదలయ్యేదే శవాల దగ్గర. పెద్దాయన చెవికి ఆ చోటు ఎప్పుడో తెలుసు.

ఆ అడ్డరోడ్డులో గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒకామె డివైడర్ సందులో నిలబడి ఉంది. ఒకవైపు మూడు లేన్లంటే పదిన్నర మీటర్లు. బరువుతో సెకనుకు మీటరు చొప్పున నడిస్తే దాటడానికి పదిన్నర సెకన్లు. ఆ లోపల 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు 290 మీటర్లు వచ్చేస్తుంది. అంటే ఆమె అంత దూరాన ఉన్న కారు వేగాన్ని అంచనా కట్టాలి. ఎదురొచ్చే వస్తువు ఎంత త్వరగా పెద్దదవుతోందో చూసి మన కన్ను వేగాన్ని పోల్చుకుంటుంది. అంత దూరంలో ఆ పెరుగుదల దాదాపు కనపడదు. రాత్రయితే మిగిలేవి రెండు లైట్లే. "చూసుకుని దాటొచ్చుగా" అని మనం తేలిగ్గా అనేస్తాం. కంటికి చేతకాని పని అడుగుతున్నామని తోచదు.

కారు డ్రైవరు చూసుకుంటాడులే అనుకుందామా? వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. పొడి రోడ్డు మీద 50 వేగానికి 14 మీటర్లు చాలితే, 100కి 56 కావాలి. కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపు దొర్లిపోయే దూరం దీనికి అదనం.

కూలీల ఆటోలు రాంగ్ రూట్‌లో రావడం మీద అందరికీ కోపమే. యూ టర్న్ రెండు కిలోమీటర్ల అవతల ఉంటే, మూడొందల మీటర్ల దూరంలోని చేనుకి వెళ్లడానికి నాలుగు కిలోమీటర్లు తిరగాలి. రోజూ, డీజిల్ పోసుకుని. దాన్ని క్రమశిక్షణ లోపం అని రాసుకుంటే ఫైలు మూసేయొచ్చు. ప్రమాదం మాత్రం అక్కడే ఉంటుంది.

స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొన్ని దశాబ్దాల కిందటే, గుద్దుకోబోయి తప్పిన సంఘటనలను లెక్కించే పద్ధతి తయారుచేశారు. శిక్షణ పొందిన మనుషులు కూడలిలో నిలబడి, తప్పించుకునే ముందు వాహనం వేగమెంత, ఢీకొనడానికి ఎన్ని సెకన్లు మిగిలిందో నమోదు చేస్తారు. మనకీ జిల్లా కలెక్టర్ల అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీలున్నాయి. వాటి ముందుకొచ్చే పటంలో జరిగిపోయిన ప్రమాదాలతో పాటు తప్పిపోయినవీ ఉండాలి. వాటిని గుర్తుపెట్టే పని కొద్దిపాటి శిక్షణతో పొదుపు సంఘాల ఆడవాళ్లూ, ఆటో స్టాండ్ డ్రైవర్లూ, కాలేజీ పిల్లలూ చేయగలరు. చీమకుర్తి గ్రానైట్ లారీల దారికీ, టంగుటూరు పొగాకు వేలం రోజుల రద్దీకీ ఒకే పటం సరిపోదు. ఆ తేడా చెప్పగలిగేది అక్కడ బతికేవాళ్లే.

ఏ వేళప్పుడు ఎక్కువని పెద్దాయన్ని అడిగాను. "తెల్లారుజామున మూడు, మూడున్నర, నాయనా." రాత్రి పదకొండుకి చెన్నైలో బయల్దేరిన కారు కావలి దగ్గరికి చేరేది దాదాపు ఆ వేళకే. మనిషి ఒంట్లో మెలకువ అట్టడుగుకి జారేదీ అప్పుడే. ఆయన ఈ లెక్కలేమీ వేయలేదు. కొట్టు మూడింటికే తెరుస్తాడు, పొయ్యి వెలిగించి బయటి లైటు వేసి ఉంచుతాడు.