‘బాక్సు’ కొనిస్తే బిడ్డ బతుకుతుందా? మారథాన్ విరాళాలు, నవజాత శిశువులు: అపోహలు - వాస్తవాలు

నవజాత శిశువుల వార్డు కోసం మారథాన్ పరుగెత్తి విరాళాలు సేకరిస్తున్నానని తెలిసినప్పటి నుంచి నాకు వచ్చే ఫోన్లలో మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒక్కటే. “సిస్టర్, ఒక బాక్సు ఎంతవుతుంది? మా అమ్మగారి పేరు రాయించి ఇస్తాం.” బాక్సు అంటే వారి ఉద్దేశం నెలలు నిండని బిడ్డను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ లాంటి యంత్రం. గుంటూరులో 16 ఏళ్లుగా ఈ వార్డుల్లోనే పనిచేస్తున్న నేను, ఆ మాట అడిగేవారి మంచి మనసును ఏనాడూ శంకించలేదు. అయితే దాని వెనుక ఉన్న నమ్మకం దాతల డబ్బును, తల్లిదండ్రుల కష్టార్జితాన్ని, కొన్నిసార్లు బిడ్డల ప్రాణాలను కూడా హరిస్తోంది కనుక ఈసారి పరుగుకు ముందే ఈ విషయం వివరంగా రాస్తున్నాను.

అపోహ: నెలలు నిండని బిడ్డను బతికించేది యంత్రమే, కాబట్టి విరాళమంటే యంత్రమే.

వాస్తవం: యంత్రాల విలువను నేను తక్కువ చేయడం లేదు. ఊపిరితిత్తులు ముదరని బిడ్డకు, ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ కావాలి, కామెర్లు ఎక్కువైన బిడ్డను లైట్ కింద పెట్టాలి, వెంటిలేటర్ అవసరమైన బిడ్డకు వేరే దారి లేదు. కానీ 2.5 కిలోల లోపు బరువుతో పుట్టిన బిడ్డల్లో ఎక్కువ మందికి మొట్టమొదట కావలసినవి వెచ్చదనం, తల్లిపాలు, ఇన్ఫెక్షన్ సోకకుండా చూసుకునే శుభ్రమైన చేతులు. ఆ బిడ్డ ఒంట్లో కొవ్వు తక్కువ, బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ. ఒళ్లు తుడవడం కాస్త ఆలస్యమైనా వేడి కోల్పోతుంది. ఉష్ణోగ్రత 36.5 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే వేడి పుట్టించుకోవడానికే ఒంట్లో ఉన్న కొద్దిపాటి చక్కెర ఖర్చవుతుంది, ఆయాసం మొదలవుతుంది, పాలు తాగే ఓపిక పోతుంది.

ఈ వెచ్చదనం తల్లి గుండెల మీద దొరుకుతుంది. 1978లో కొలంబియాలోని బొగోటా నగరంలో, చాలినన్ని ఇంక్యుబేటర్లు లేని ఒక ఆసుపత్రిలో డాక్టర్ ఎడ్గార్ రే సనబ్రియా మొదలుపెట్టిన కంగారూ సంరక్షణను, అంటే బిడ్డను తల్లి ఒంటికి ఆనించి ఉంచే పద్ధతిని, చాలామంది ఇప్పటికీ పేదల వైద్యమనే అనుకుంటున్నారు. 2021లో వెలువడిన అధ్యయనం ఆ మాటకు ఆస్కారం లేకుండా చేసింది. భారత్, ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని ఐదు ఆసుపత్రుల్లో, కిలో నుంచి కిలో 800 గ్రాముల లోపు బరువున్న 3,211 మంది శిశువులపై అది జరిగింది. బిడ్డ కుదుటపడే వరకు పై నుంచి వేడినిచ్చే వార్మర్‌లోనో ఇంక్యుబేటర్‌లోనో ఉంచి ఆ తర్వాత తల్లికి ఇచ్చే పద్ధతి కంటే, పుట్టగానే తల్లి ఒంటికి ఆనించి ఉంచే పద్ధతిలో 28 రోజుల లోపు మరణాలు 25 శాతం తగ్గాయి. ఆ ఐదింటిలో ఒకటి ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫారసును మార్చి, ఇటువంటి బిడ్డలకు పుట్టిన వెంటనే కంగారూ సంరక్షణ మొదలుపెట్టి రోజుకు 8 నుంచి 24 గంటల వరకు కొనసాగించాలని చెప్పింది. ఊపిరి తనంతట తాను తీసుకోలేని బిడ్డకు, రక్తప్రసరణ పడిపోయి షాక్‌లో ఉన్న బిడ్డకు మాత్రమే ఇందులో మినహాయింపు.

నేను మొదటిసారి పరుగెత్తిన ఏడాది సేకరించిన మొత్తమంతా దాతల కోరిక ప్రకారం ఒక వార్మర్ కొనడానికే పోయింది. అప్పుడు నేనూ సంతోషించాను. ఏడు నెలలు తిరగకముందే దాని స్కిన్ ప్రోబ్ పాడైంది. బిడ్డ పొట్ట మీద అతికించే చిన్న తీగ అది, అది లేకపోతే బిడ్డ వేడి ఎంతో యంత్రానికి తెలియదు. అమ్మిన సంస్థ ఫోన్ ఎత్తలేదు, నిర్వహణ ఒప్పందానికి డబ్బు మిగలలేదు. దాత పేరున్న పలక మెరుస్తూనే ఉంది, వార్మర్ మాత్రం దుప్పటి కప్పుకుని మూలన నిలబడింది. అదే గదిలో నలుగురు బాలింతలు, వారిలో ఇద్దరు సిజేరియన్ కుట్లతో, వెనుక ఆనుకోవడానికి ఏమీ లేని ప్లాస్టిక్ స్టూళ్ల మీద బిడ్డల్ని గుండెలకు కట్టుకుని కూర్చున్నారు. నడుము నొప్పితో గంటకే లేచిపోయేవారు. ఆ రోజు నాకు కావలసింది నాలుగు వాలు కుర్చీలు.

తల్లిదండ్రులకు ఈ అపోహ ఇంకా ఖరీదైనది. “మా బాబును బాక్సులో పెట్టలేదు, ఇక్కడ వైద్యం లేదు” అంటూ, బాగానే పాలు తాగుతున్న 1,600 గ్రాముల బిడ్డను సొంత పూచీపై ఒక కుటుంబం తీసుకువెళ్లింది. నాన్నమ్మ మెడలోని నాన్‌తాడు తాకట్టు పెట్టి మరో ఊరికి కారులో బయలుదేరారు. సాయంత్రానికి దారిలో నుంచే వెనక్కి వచ్చారు. పలుచని టవల్‌లో చుట్టిన బిడ్డ కాళ్లు తడిమితే చన్నీళ్లలో నానిన గుడ్డలా ఉన్నాయి, థర్మామీటర్ 34.6 చూపించింది. ఆ బిడ్డ కోలుకుంది. అందరూ కోలుకోరు. వెళ్లవద్దని నేను అనడం లేదు, డాక్టర్ పంపమన్నప్పుడు వెళ్లి తీరాలి. అయితే అవతలి ఆసుపత్రికి ముందుగా చెప్పి, 108లో, వైద్యులు అనుమతిస్తే బిడ్డను ఎవరో ఒకరి ఒంటికి ఆనించుకునే వెళ్లాలి.

“తల్లికే ఒంట్లో బాగోకపోతే?” అని అడుగుతారు. ఒక మార్చి నెలలో, బీపీ పెరిగి ఫిట్స్ వచ్చిన తల్లి వేరే వార్డులో ఉండగా, ఆమె భర్త మా తలుపు దగ్గరే నిలబడిపోయాడు. “నేను యార్డులో మిరప బస్తాలు మోస్తాను సిస్టరమ్మా, ఒళ్లంతా కారం ఘాటే. నేను ముట్టుకుంటే బిడ్డకు మంట పుట్టదా?” అన్నాడు. గోళ్లు తీసుకుని, సబ్బుతో తలారా స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని రమ్మన్నాను. గంటన్నర తర్వాత జుట్టు ఇంకా కారుతుండగానే వచ్చాడు, తల తుడిపించి వాలుగా కూర్చోబెట్టాను. టోపీ, మేజోళ్లు, డైపర్ తప్ప ఏమీ లేని బిడ్డను అతని రొమ్ముపై నిలువుగా ఉంచి, తలను పక్కకు తిప్పి, ఊపిరికి అడ్డు రాకుండా గడ్డం కొద్దిగా పైకెత్తి, పాత నూలు చీరతో చంక కింది నుంచి కట్టాను. మానిటర్‌లో బిడ్డ గుండె లయ నెమ్మదించే వరకు అతను తన ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకున్నాడు. ఆ తర్వాత తొమ్మిది రోజుల పాటు పగటి కూలి మానుకుని వచ్చాడు.

అందుకే, వైద్యం ఉచితమైనప్పుడు విరాళం దేనికన్న ప్రశ్నకు జవాబు ఆ కూలి దగ్గరే ఉంది. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పును, మందులను, బిడ్డ చికిత్సను, రాకపోకలను ఉచితం చేసింది. అది ఎంతో మేలు చేసిన పథకం. కానీ అందులో తల్లి భోజనం లెక్క సాధారణ కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజులు. నెలలు నిండని బిడ్డ మూడు, నాలుగు వారాలు ఉంటుంది. తోడున్న అమ్మమ్మ ఏం తింటుంది, ఇంటి దగ్గరున్న పెద్దబిడ్డను ఎవరు చూస్తారు, పోయిన కూలి ఎవరిస్తారు?

మిగిలిన అపోహల గురించి క్లుప్తంగా చెబుతాను. పోటీకి కట్టే ప్రవేశ రుసుము వార్డుకు రాదు, అది పోటీ నిర్వహణకు పోతుంది, విరాళం విడిగా ఇవ్వాలి. పాలపొడి డబ్బాలు, పాలసీసాలు దయచేసి తీసుకురావద్దు. అనాథాశ్రమాలకు తప్ప మరెవరికీ వాటిని దానంగా ఇవ్వరాదని 1992 నాటి చట్టమే చెబుతోంది. గాడిద పాలు, తేనె, గ్రైప్ వాటర్ చుక్క కూడా పోయవద్దు, ముర్రుపాలు పిండి పారబోయవద్దు. ఆడవాళ్లు పరుగెత్తితే గర్భసంచి జారుతుందన్నది నిరాధారమైన మాట. అయితే బాలింతలు తమ డాక్టర్‌ను అడిగి, నడకతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవాలి.

నాతో పరుగెత్తడానికి ముందుకొచ్చిన వారికి ఒక హెచ్చరిక. మన ఎండలకు భయపడి, దాహం లేకపోయినా దారి పొడవునా నీళ్లు తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మంది రన్నర్లలో 13 శాతం మందికి అలా జరిగింది. దాహాన్ని బట్టి తాగండి. ఆదివారాల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర తెల్లవారుజామున 4.30కే మొదలుపెడుతున్నాం, ఎండ ముదిరేలోపు ముగిస్తాం.

ఈ ఏడాది ఆగస్టులో హైదరాబాద్‌లో పరుగెత్తే 42.195 కిలోమీటర్లకు వచ్చే డబ్బుతో ఆరు వాలు కుర్చీలు, కట్టుడు గుడ్డలు, తక్కువ ఉష్ణోగ్రతలు చూపే థర్మామీటర్లు, ఉన్న వార్మర్లకు అదనపు ప్రోబులు కొంటాం, తోడున్నవారికి ఒక పూట భోజనం పెడతాం. మిగిలినదంతా బిడ్డకు కంటి పరీక్ష చేయించడానికి వచ్చే తల్లుల బస్సు ఛార్జీలకే. 2 కిలోల లోపు బరువుతోగాని, 34 వారాల లోపుగాని పుట్టిన బిడ్డకు 30 రోజులు నిండేలోపు కంటి రెటీనా పరీక్ష జరగాలి. అంతకంటే చిన్న బిడ్డలకు ఇంకా ముందే చేయాలి. సమయానికి చూస్తే లేజర్‌తో చూపు కాపాడవచ్చు. మాచర్ల నుంచో, వినుకొండ నుంచో బాలింత, ఆమె తల్లి చంటిబిడ్డతో గుంటూరు వచ్చి వెళ్లడానికి అయ్యే ఖర్చు, పోయే రెండు కూలీలు భరించలేకనే గత ఏడాది మా పిలుపుకు రాని తల్లులు ఉన్నారు. ఈసారి ఇంటికి పంపే రోజునే, కంటి పరీక్ష తేదీ రాసిన చీటీతో పాటు ఆ డబ్బు కూడా తల్లి చేతికే ఇస్తాం.