పీచు మిఠాయి లాంటి పొర

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీలో ఐదో తరగతి చదివే అమ్మాయి మొన్న ఫోనులో ఒక మాట అడిగింది. ‘‘కరోనా రోజుల్లో అన్నీ మూసేశారు కదా తాతయ్యా, మరి మాస్కుల ఫ్యాక్టరీలు మాత్రం ఎలా పెరిగాయి?’’ ఫోనులో తేలే సంగతి కాదు, ఉత్తరం రాస్తానన్నాను. ఆ రోజుల్లో పెరిగినవి మాస్కులొక్కటే కాదు. శానిటైజర్, ఆక్సిజన్, టీకాలు నింపే గాజు సీసాలు, ఆన్‌లైన్ పాఠాలు, గుమ్మం దాకా సరుకులు తెచ్చే వ్యాపారాలు, అన్నీ పెరిగాయి. అన్నిటి గురించీ రాస్తే మీరు చదవరు. అందుకని ఒక్క మాస్కు గురించే, అందులోనూ దాని మధ్యలో దాక్కున్న ఒక పొర గురించే చెబుతాను.

ఆస్పత్రిలో పెట్టుకునే నీలం మాస్కు చూడటానికి గుడ్డలా ఉంటుంది కానీ అందులో పడుగూ లేదు, పేకా లేదు. మగ్గం ఎక్కని బట్ట అది. మూడు పొరలుంటాయి. పైదీ లోపలిదీ మీ ఇంట్లో ఎప్పుడూ ఉండే సరుకే. పెళ్లిళ్లలో తాంబూలం పెట్టి ఇస్తారే, ఆ రంగు సంచులు, వాటిని చేసేది కూడా దాంతోనే. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను పోగులుగా తీసి, పరిచి, వేడి రోలరు కింద నొక్కి చుక్కలు చుక్కలుగా అతికిస్తారు. అలాంటి సంచి గుడ్డ చేసేవాళ్లు మన దేశంలో ముందు నుంచీ ఉన్నారు. కష్టమంతా మధ్య పొరతోనే.

అదెలా తయారవుతుందో చెప్పాలంటే మా చిన్నప్పటి కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లాలి. శివరాత్రికి ప్రభలు కట్టుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ కొండ కిందికి చేరేవి. పెద్దవాళ్ల కళ్లు ప్రభల మీద ఉంటే మా కళ్లు గంట కొట్టే పీచు మిఠాయి అతని మీద ఉండేవి. వెడల్పాటి రేకు తొట్టె, దాని నడుమ గుండ్రంగా తిరిగే చిన్న గిన్నె, కింద మంట. గిన్నెలో గుప్పెడు చక్కెర, చిటికెడు గులాబి రంగు వేసి కాలితో తొక్కేవాడు. కాసేపు ఏమీ కనబడేది కాదు. ఉన్నట్టుండి తొట్టె అంచున సాలెగూడు అల్లినట్టు లేత గులాబి రంగులో ఏదో తేలేది. పుల్ల తిప్పి దాన్ని చుట్టి ఇచ్చేసరికి మా తలకాయంత అయ్యేది. గుప్పెడు చక్కెర అంత పెద్దది ఎలా అయిందని మా అన్నయ్యా నేనూ దారి పొడవునా వాదించుకునేవాళ్లం. గాలి ఎక్కువగా ఉన్న రోజున పోగులు ఎగిరి పక్కనున్న వాళ్ల జుట్టుకు అంటుకునేవి. మంట సరిగా లేకపోతే పోగు సాగేది కాదు, గడ్డలు గడ్డలుగా పడేది. ఆ గడ్డలు ఊరికే ఇచ్చేవాడు కాబట్టి మాకు అదీ ఇష్టమే.

మాస్కు మధ్య పొరను చేసే యంత్రం కూడా ఇంతే. చక్కెరకు బదులు ప్లాస్టిక్ గింజలు. అవి 160 డిగ్రీల దగ్గర కరుగుతాయి, అక్కడితో ఆపకుండా ఇంకా వేడి చేసి పలచటి పాకంలా చేస్తారు. మిల్లీమీటరులో సగం కూడా లేని రంధ్రాల వరుసలోంచి ఆ పాకాన్ని నెడతారు. మిఠాయి గిన్నె తిరిగి తిరిగి పాకాన్ని విసిరితే, ఇక్కడ తిప్పడానికి బదులు రెండు పక్కల నుంచి మహా వేగంగా వేడిగాలి కొడతారు. గాలి దెబ్బకు పాకం సన్నగా సాగి, ఎగిరి, కదిలే జల్లెడ మీద చిక్కుపడుతూ పరుచుకుంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అటూ ఇటూ ఉంటుంది. ఈ పోగులు 1 నుంచి 5 మైక్రాన్లే. పాకం సరిగా సాగకపోతే ఇక్కడా గడ్డలు పడతాయి. వాటిని ఎవరూ ఊరికే ఇవ్వరు. అవి పడిన చోట మాస్కు పనికిరాదు.

ఈ పద్ధతిని 1950ల్లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో కనిపెట్టారు. అప్పుడు వాళ్లు పట్టాలనుకున్నది రోగాన్ని కాదు, అణుబాంబు పరీక్షల తర్వాత గాలిలో తేలే ధూళిని. ఆ తర్వాత తైవాన్‌లో పుట్టి అమెరికాలోని టెనెసీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పీటర్ త్సాయ్ అనే శాస్త్రవేత్త 1990ల్లో ఈ పోగులకు విద్యుదావేశం (ఎలక్ట్రిక్ చార్జ్) ఎక్కించే మంచి పద్ధతి ఒకటి కనిపెట్టాడు. దాంతో పోగు పక్కనుంచి పోయే నలుసును కూడా తన వైపు లాక్కుంటుంది. మిఠాయి కూడా జుట్టుకు అంటుకుంటుంది కదా అని ఇక్కడా పోలుద్దామనుకున్నాను కానీ కుదరదు. అది జిగురు, ఇది ఆవేశం. 2020లో ఆయన రిటైరై ఇంట్లో ఉన్నాడు. మాస్కులు చాలక డాక్టర్లు వాడినవే మళ్లీ వాడాల్సి వస్తోందని విని, ఏ వేడి దగ్గర ఆ ఆవేశం చెడకుండా ఉంటుందో పరీక్షించడానికి మళ్లీ పనిలో దిగాడు.

ఇంకొక వింత. ఈ పొర పట్టుకోలేక ఇబ్బంది పడేది అన్నిటికన్నా చిన్న నలుసును కాదు. 0.3 మైక్రాన్ల దగ్గర ఉన్న నడిమి రకం నలుసే దీనికి కష్టం. అంతకన్నా చిన్నవి తిన్నగా పోలేవు. గాలి అణువులు తోసేస్తుంటే అటూ ఇటూ తూలుతూ వెళ్లి ఏదో ఒక పోగుకు కొట్టుకుంటాయి. పెద్దవి వాటి వేగంతో అవే వచ్చి గుద్దుకుంటాయి. మధ్యరకమే తెలివిగా సందుల్లోంచి జారుకుంటుంది. అందుకే ఎన్95 మాస్కుకు ఆ కష్టమైన పరిమాణం మీదే పరీక్ష పెట్టి, నూటికి కనీసం 95 పట్టాలంటారు. ఇది తెలిసిన రోజు నుంచీ నాకు ఆ పొర మీద గౌరవం పెరిగింది.

ఇక మీ ప్రశ్న. తిరునాళ్లకు ఒక ఏడాది జనం పదింతలు వచ్చారనుకోండి. చక్కెర తెప్పించుకోవచ్చు, పుల్లలు చీల్చుకోవచ్చు. ఆ తిరిగే గిన్నె ఎక్కడి నుంచి వస్తుంది? 2020లో జరిగిందదే. మాస్కులు అతికే యంత్రాలు కొన్ని వారాల్లో వచ్చాయి, మధ్య పొరకు కరువొచ్చింది. చైనాలో కరోనాకు ముందు రోజుకు సుమారు 2 కోట్ల మాస్కులు చేసేవారు. ఫిబ్రవరి నెలాఖరుకు అది 11 కోట్లు దాటింది. మరి పొర? సైనోపెక్ అనే పెద్ద చమురు కంపెనీ బీజింగ్ దగ్గర 12 రోజుల్లో ఆ పొర తయారీ కేంద్రం కట్టింది. చమురు కంపెనీకి మాస్కులతో ఏం పని అనుకోకండి, ఆ ప్లాస్టిక్ గింజలు చేసేది వాళ్లే.

తైవాన్ కథ నాకు ఇంకా నచ్చుతుంది. అక్కడ మొదట రోజుకు 19 లక్షల మాస్కులు కూడా అయ్యేవి కావు. లోహాన్ని చెక్కే లేతుల్లాంటి యంత్రాలు చేసే కంపెనీలు తమ పని పక్కనపెట్టి, తమ మెకానిక్కులను మాస్కు యంత్రాలు చేసే చిన్న కంపెనీలకు పంపాయి. ఒకరి కంపెనీ పని మరొకరు ఊరికే చేసిపెట్టడం వ్యాపారంలో తరచుగా కనబడదు. మార్చి మొదట్లోనే 60 యంత్రాలు సిద్ధమయ్యాయి. ఆ నెలలోనే రోజుకు కోటి మాస్కులు రావడం మొదలైంది. అన్నీ మూసేసినా ఇవి ఎలా పెరిగాయని అడిగావు చూడు, ఇలాగే. ఆకాశం నుంచి ఊడిపడిన కొత్తవాళ్లు తక్కువ. పక్క పని చేతిలో ఉన్నవాళ్లు తొందరగా ఇటు తిరిగారు. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ ఏప్రిల్‌లో మనిషికి మూడు చొప్పున 16 కోట్ల గుడ్డ మాస్కులు పంచుతామని ప్రభుత్వం ప్రకటించి, కుట్టే పని పొదుపు సంఘాల మహిళలకు ఇచ్చింది. వాటిలో ఈ మధ్య పొర లేదు కానీ, కుట్టు మిషన్లూ కుట్టే చేతులూ అప్పటికే ఊరూరా ఉన్నాయి.

ఆశపోతులూ లేకపోలేదు. పొర ధర టన్నుకు 20 వేల యువాన్ల (చైనా డబ్బు) నుంచి లక్షల్లోకి పోయేసరికి, చైనాలో యాంగ్‌జోంగ్ అనే ఊళ్లో షెడ్డు దొరికిన చోటల్లా యంత్రం పెట్టారు. పోగు సాగలేదు, ఆవేశం ఎక్కలేదు, గడ్డల సరుకే బస్తాలకెత్తి అమ్మారు. ఏప్రిల్‌లో అధికారులు అక్కడి తయారీ అంతా ఆపించారు. పక్కవాడి ఊపిరికి అడ్డం పెట్టే పొరలో మోసం చేయడం కన్నా దొంగతనం చేయడం నయం. కోపంతోనే రాస్తున్నాను, ఏమనుకోకండి.

కరోనా తగ్గాక ధరలు పడిపోయి చాలా యంత్రాలకు పని తగ్గింది. ఆ సంగతి పెద్దయ్యాక లెక్కల పుస్తకాల్లో చదువుకుందురు గాని, ఇప్పుడు ఒక పని చేయండి. ఇంట్లో వాడని మాస్కు ఒకటి తీసుకుని, అమ్మనడిగి కత్తెరతో అంచులు కత్తిరించండి. మూడు పొరలు విడివిడిగా వస్తాయి. ఒక్కోదాన్నీ టార్చిలైటు ముందు పెట్టి చూడండి. చుక్కల అతుకులు ఏ పొరలో ఉన్నాయి, వెలుతురు పాలలా సమంగా పరుచుకున్నది ఏ పొరలో? మధ్య పొరను మెల్లగా లాగి చూడండి, చాలా తేలిగ్గా చిరుగుతుంది. దాని మీద ఒక నీటి చుక్క వేసి అది ఏం చేస్తుందో గమనించండి. తాంబూలం సంచి ముక్క కూడా పక్కన పెట్టుకుంటే మంచిది. కనబడింది కనబడినట్టు రాసి పంపండి, బొమ్మలు గీస్తే మరీ సంతోషం.

ఇట్లు,
మీ తాతయ్య