గెలాక్సీ రాయి మీద కదలని మౌస్

మా బావకి చీమకుర్తిలో చిన్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. కిందటేడు ఆఫీసు గది కొత్తగా కట్టించుకున్నాడు. సొంత రాయి ఉండగా చెక్క టేబుల్ దేనికని, ఏడడుగుల గెలాక్సీ గ్రానైట్‌ని అద్దంలా పాలిష్ పట్టించి పరిపించాడు. నల్లటి రాయి, లోపల బంగారు చుక్కలు. అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. దాని మీద కంప్యూటర్, పక్కనే ఒంగోలులో కొనుక్కొచ్చిన వైర్‌లెస్ మౌస్. మొదటి రోజే ఫోన్ వచ్చింది.

"ఏంది అబ్బయ్యా ఈ మౌసు, కదిపితే కదలదు, వదిలేస్తే దూకుద్ది? లారీ లోడెత్తి గేటు కాడ నిలబడుంది. నేనింకా వే బిల్లు తియ్యలా."

అందరూ అడిగే ప్రశ్నలే నేనూ అడిగాను. సెల్లు వేశావా? వేశా. సెల్లుకి అడ్డంగా ఒక ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, లాగేశావా? లాగేశా. అడుగున స్విచ్? ఆన్‌లోనే ఉంది, ఎర్ర లైటు కూడా వెలుగుతుంది. మరి కంప్యూటర్ యూఎస్‌బీ సాకెట్‌లో గుచ్చే ముక్క, డాంగిల్? ఇక్కడ కాస్త విసుక్కున్నాడు. పెట్టెలో డాంగిల్ లేదని షాపు వాడితో అరగంట గొడవ పెట్టుకున్నాడట. తీరా చూస్తే అది సెల్లు పెట్టే అరలోనే, పక్కన గూట్లో దూరి ఉంది. వేలి గోరంత ముక్క. చాలా కంపెనీలు దాన్ని అక్కడే దాస్తాయి.

డాంగిల్ గుచ్చాడు, స్విచ్ వేశాడు. వైర్‌లెస్ మౌస్‌కి చేయాల్సిన ఏర్పాటు నిజానికి అంతే. డ్రైవర్ సీడీలు వేసుకునే కాలం పోయింది. యూఎస్‌బీలో కీబోర్డులకీ మౌస్‌లకీ కలిపి ఒక ఉమ్మడి భాష ఉంది, దాన్ని హెచ్‌ఐడీ అంటారు. డాంగిల్ గుచ్చగానే "నేను మౌస్‌ని" అని ఆ భాషలో చెప్పుకుంటుంది. కంప్యూటర్ నమ్మేస్తుంది. అసలు మౌస్ అడుగు దూరంలో ఉందని, మధ్యలో వైరు లేదని దానికి తెలియనే తెలియదు. దాని లెక్కలో ఆ గోరంత ముక్కే మౌస్.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు తట్టింది. "దేని మీద పెట్టి కదుపుతున్నావు బావా?"

"మన టేబుల్ మీదే."

"కింద ఒక పేపర్ మడిచి వేసి చూడు."

పాత ఆదివారం పేపర్ వేశాడు. కర్సర్ పరిగెత్తింది. వే బిల్లు వచ్చింది, లారీ కదిలింది. కానీ బావకి మాత్రం మింగుడు పడలేదు. ఇంత నున్నటి రాయి మీద జారాల్సింది పోయి, నలిగిన పేపర్ మీద పరిగెత్తడమేంటని ఆయన ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. మౌస్ అంటే జారే వస్తువని కదా మనందరి ఊహ. అది చూసే వస్తువు.

మౌస్‌ని వెల్లకిలా తిప్పితే అడుగున చిన్న గుంట కనబడుతుంది. అందులో ఏటవాలుగా వెలిగే ఒక లైటు, ఒక బుల్లి లెన్స్, దాని వెనక ఒక కెమెరా ఉంటాయి. కెమెరా అంటే ఫోన్‌లో ఉండే లాంటిది కాదు. అడ్డం 18, నిలువు 18 చుక్కలతో పని కానిచ్చే సెన్సర్లు కూడా ఉన్నాయి. అంటే మొత్తం 324 చుక్కలు. అది చూసేది ఇంచుమించు ఒక మిల్లీమీటరు జాగా. దానితో మన మొహం ఫొటో తీస్తే గుమ్మడికాయో మనిషో తేల్చలేం. అయితే అది సెకనుకి వేల ఫొటోలు తీస్తుంది. మామూలు టేబుళ్ల మీద పనిచేసేలా మైక్రోసాఫ్ట్ 1999లో తెచ్చిన మౌస్ సెకనుకి 1,500 తీసేది. ఇప్పటివి ఇంకా ఎక్కువే తీస్తాయి.

ఇన్ని ఫొటోలు ఏం చేసుకుంటుంది? పాత పల్లెవెలుగు బస్సు ఎక్కినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. కాళ్ల దగ్గర రేకు తుప్పు పట్టి చిన్న చిల్లు పడి ఉండేది. కిటికీలోంచి చూడకుండా ఆ చిల్లులోంచే కిందికి చూస్తే రోడ్డు మీది కంకర రాళ్లు వెనక్కి పరిగెత్తుతుంటాయి. అవి ఎంత వేగంగా వెనక్కి పోతే మనం అంత వేగంగా ముందుకి పోతున్నట్టు. బస్సు మలుపు తిరిగితే రాళ్లు ఏటవాలుగా పోతాయి. మౌస్ చూసేది అచ్చంగా ఆ చిల్లులోంచే. ఒక ఫొటోలో ఉన్న గరుకు మచ్చ తర్వాతి ఫొటోలో ఎటు జరిగిందో చూస్తుంది. పాత ఫొటోని కొత్తదాని మీద కుడికి ఒక చుక్క, ఎడమకి ఒక చుక్క జరిపి, ఎక్కడ బాగా అతుకుతుందో లెక్కేస్తుంది. ఆ లెక్క చేసే చిప్ కూడా కెమెరా వెనకే ఉంటుంది.

అందుకే తానెక్కడుందో మౌస్‌కి ఎప్పుడూ తెలియదు. ఎంత కదిలిందో మాత్రమే తెలుసు. పైకెత్తి జానెడు అవతల పెట్టినా కర్సర్ ఉన్నచోటే ఉండేది అందుకే. అడ్డంగా పట్టుకుని ముందుకి తోస్తే బాణం పక్కకి పోతుంది, ఎందుకంటే దానికి తన ముక్కు ఎటుంటే అదే ముందు. కావాలంటే ఇప్పుడే చేసి చూడండి.

ఇక పేపర్ సంగతి. మన కంటికి తెల్లగా, నున్నగా కనబడే కాగితం ఆ కెమెరాకి పీచు అడవి. లైటు నేరుగా పైనుంచి కాకుండా ఏటవాలుగా పడుతుందని చెప్పాను కదా, ఆ ఏటవాలులోనే కిటుకంతా ఉంది. మిట్ట మధ్యాహ్నం దున్నిన చేను చూస్తే మట్టి అంతా ఒకటే రంగు. అదే చేను సాయంత్రం ఐదున్నరకి చూడండి, ఎండ వాలి ప్రతి చాలుకీ ఒక నీడ పడుతుంది, గడ్డ గడ్డా లెక్కపెట్టొచ్చు. మౌస్ కింద ఎప్పుడూ సాయంత్రమే. పీచు పీచుకీ నీడ పడుతుంది. గుర్తులకి కొదవ ఉండదు.

అద్దంలా పాలిష్ పట్టిన రాయి మీద అంత చిన్న చాలు కూడా మిగలదు. పడ్డ లైటు అద్దం మీద పడ్డట్టే అటువైపుకి జారిపోతుంది, లెన్స్‌లోకి రాదు. మిగిలిన కాస్తా నల్ల రాయి మింగేస్తుంది. దాంతో వరసగా వెయ్యి ఫొటోలు తీసినా వెయ్యీ కటిక చీకటే, ఏది ఎటు జరిగిందని లెక్కేస్తుంది? మధ్య మధ్యలో కర్సర్ దూకింది మాత్రం ఆ బంగారు చుక్కలు కన్ను కిందికి వచ్చినప్పుడే అయ్యుంటుందని నా అనుమానం. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. ఇంకో సంగతి, మనం గెలాక్సీ గ్రానైట్ అని ప్రపంచమంతా అమ్ముతున్న ఈ రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు గ్రానైట్ అనరు, గాబ్రో జాతిలో వేస్తారు. ఈ మాట బావతో అంటే, "అట్టా అని బిల్లులో రాస్తే కొనేవాడు పారిపోతాడు" అన్నాడు.

తర్వాతి ఆదివారం నేనే వెళ్లాను. యూనిట్‌లో కోసి పారేసిన ముక్కలు కుప్పగా ఉంటే, పాలిష్ పట్టని గెలాక్సీ ముక్క ఒకటి తెచ్చి టేబుల్ మీద పెట్టాం. రంపం కోసిన గరుకు అలాగే ఉంది, బూడిద రంగు. మౌస్ దాని మీద గరగరమంటూనే తప్పు లేకుండా నడిచింది. అదే రాయి, అదే గని. తేడా అల్లా పాలిషే. మా మేనకోడలు తన మార్కాపురం పలక తెచ్చి ఇచ్చింది. దాని మీద ఇంకా బాగా నడిచింది. పలక చేతికి నున్నగానే ఉంటుంది కానీ మెరవదు, బలపం అరిగేంత సన్న గరుకు దానిలో ఉంది. ఆ గరుకే మౌస్‌కీ కావాలి.

అన్ని మౌస్‌లకీ ఈ కన్ను లేదు. మొట్టమొదటిది చెక్క డబ్బా. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచిస్తే, ఆయన సహోద్యోగి బిల్ ఇంగ్లిష్ 1964లో తయారు చేశాడు. కింద రెండు చక్రాలు, ఒకటి నిలువు కదలికకి, ఒకటి అడ్డానికి. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జనం ముందు వాడి చూపించారు. ఆ తర్వాత చక్రాల బదులు బంతి వచ్చింది. దాని రోజులు మాకు బాగా గుర్తు. ఒంగోలు ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి కూర్చుంటే, అందులో పది నిమిషాలు మౌస్ కడగడానికే పోయేది. అడుగున మూత తిప్పితే రబ్బరు బంతి చేతిలో పడేది. లోపల రోలర్ల మీద అందరి చేతుల జిడ్డూ దుమ్మూ కలిసి నల్లటి ఉంగరంలా చుట్టుకుని ఉండేవి. గోటితో గీకితే పొరలుగా ఊడేవి. అదొక సంతోషం కూడాను. ఇప్పటి మౌస్‌లో గీకడానికేం లేదు, ఆ గుంటలో వెంట్రుక ఇరుక్కుంటే ఊదేస్తే చాలు.

బావ ఆఫీసులో రెండో గొడవ పది రోజులకి మొదలైంది. ఈసారి పలక ఉంది, అయినా కర్సర్ ఆగి ఆగి నడుస్తోంది. అది కూడా సాయంత్రాలే. సాయంత్రం ఏం చేస్తావని అడిగితే, లెక్కలన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కిస్తానన్నాడు. దొంగ అక్కడే దొరికాడు.

మౌస్, డాంగిల్ మాట్లాడుకునేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో. ఒక తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, జానెడులో సగం మీద కాస్త. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న ఈ పట్టీని తక్కువ శక్తితో వాడుకునేందుకు మన దేశంలో 2005 నుంచి లైసెన్స్ అక్కర్లేదు. ఊరుమ్మడి చెరువులాంటిదన్నమాట. వైఫై అక్కడే, బ్లూటూత్ అక్కడే, మైక్రోవేవ్ పొయ్యి కూడా అక్కడే. ఇంత రద్దీలోనూ మౌస్ మాట డాంగిల్‌కి వినబడుతుందంటే కారణం, ప్రతి కబురు మీదా ఆ జంటకి మాత్రమే తెలిసిన నంబరు ఉంటుంది. ఇంకో మౌస్ కబురు వస్తే డాంగిల్ పట్టించుకోదు. కబురు కూడా చిన్నదే. అడ్డం ఇంత, నిలువు ఇంత, ఏ బటన్ నొక్కారు, చక్రం ఎంత తిరిగింది. మామూలు మౌస్ ఇది సెకనుకి 125 సార్లు దాకా పంపుతుంది.

అయితే నీలం రంగు యూఎస్‌బీ 3 సాకెట్లలో డేటా పారేటప్పుడు వాటి నుంచి వచ్చే విద్యుత్ రొద సరిగ్గా ఈ 2.4 పట్టీలో పడుతుంది. ఇంటెల్ కంపెనీయే 2012లో ఈ విషయం రాసి బయటపెట్టింది. బావ డాంగిల్, హార్డ్ డిస్క్ వైరు సీపీయూ వెనక పక్కపక్కనే ఉన్నాయి. పైగా సీపీయూ టేబుల్ కింద, మధ్యలో ఇనప డబ్బా, ఆపైన రాయి. చెవి పక్కన క్రషర్ నడుస్తుంటే గుసగుస వినమన్నట్టుంది వ్యవహారం. డాంగిల్‌ని ముందు వైపు సాకెట్‌కి మార్చాం. అంతే. ముందు సాకెట్ లేనివాళ్లు అడుగు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు కొని డాంగిల్‌ని టేబుల్ మీదికి తెచ్చుకోవచ్చు. మౌస్ చెడిపోయిందని పారేసే వాళ్లలో చాలామంది ముందు ఈ పని చేసి చూడాలి.

బ్లూటూత్ మౌస్‌కి డాంగిల్ బాధ లేదు. కింద బటన్‌ని లైటు మినుకుమినుకుమనేదాకా నొక్కి పట్టి, కంప్యూటర్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో కలుపుకోవాలి. డాంగిల్ పోగొట్టుకునే అలవాటున్న ఇంట్లో అదే మేలు, ఎందుకంటే చాలా మౌస్‌లకి తన డాంగిల్ పోతే వేరే డాంగిల్ పనికిరాదు. డీపీఐ గురించి ఒక్క మాట. 1000 డీపీఐ అంటే మౌస్ అంగుళం కదిలితే దాన్ని వెయ్యి చుక్కల కదలికగా లెక్కేస్తుంది. 1920 చుక్కల వెడల్పున్న తెరని దాటడానికి ఆ లెక్కన రెండంగుళాలు కూడా అక్కర్లేదు. అంకె పెద్దదైతే మౌస్ గొప్పదని అమ్మేవాళ్లు చెబుతారు. వే బిల్లులు కొట్టుకునేవాడికి వెయ్యి చాలు.

సెల్లు విషయం చెప్పి ముగిస్తాను. ఒక్క పెన్సిల్ సెల్లుతో నెలల తరబడి ఎలా నడుస్తుందంటే, చెయ్యి తీయగానే మౌస్ కునుకు తీస్తుంది కాబట్టి. కాసేపటికి గాఢ నిద్రలోకి పోతుంది. మళ్లీ ముట్టుకున్నప్పుడు మొదటి కదలిక ఒక్కోసారి తడబడేది ఆ నిద్రమత్తు వల్లే. నల్లటి బల్ల మీద వాడితే లైటు ఎక్కువ వెలిగించాల్సి వచ్చి సెల్లు త్వరగా అయిపోతుంది. నెలల పాటు వాడకుండా వదిలేసేటట్టయితే సెల్లు తీసి పక్కన పెట్టండి. నెల్లూరులో మా పిన్ని ఇంట్లో సొరుగులో ఏడాది పడి ఉన్న మౌస్‌ని తెరిస్తే రేకుల చుట్టూ ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొడి. ఆల్కలైన్ సెల్లు కారి, ఆ క్షారం గాలితో కలిసి పొటాషియం కార్బొనేట్ అయింది. చేత్తో ముట్టుకోకూడదు. పొదలకూరు నిమ్మకాయ కోసి, దూది పుల్లని రసంలో ముంచి అద్దాం. సోడా పొంగినట్టు బుస్సున నురగ వచ్చింది. తడి గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, కొత్త సెల్లు వేస్తే లైటు వెలిగింది. పిన్ని మాత్రం నిమ్మకాయలు నాలుగు కోసినందుకు ఇంకా అంటూనే ఉంటుంది.

బావ ఇప్పుడు పలక మేనకోడలికి తిరిగి ఇచ్చేశాడు. గరుకు ముక్క మీద మౌస్ కింది పాదాలు అరిగిపోతున్నాయని, పాలిషింగ్‌లో చివరి మెరుపు రాకముందే మిషన్ ఆపించి, గెలాక్సీలోనే ఎనిమిదంగుళాల ముక్క ఒకటి కోయించుకున్నాడు. చేతికి నున్నగా ఉంటుంది, మొహం కనబడదు. టేబుల్ మీద అదొక్కటే మసకగా ఉండడంతో వచ్చిన ప్రతి కొనుగోలుదారూ దాన్ని వేలితో రుద్ది, "ఇది పాలిష్ పట్టడం మర్చిపోయారా?" అని అడుగుతున్నాడట.