‘విసెన్’కు ‘వేద’ తల్లా, తోబుట్టువా?

జర్మన్‌లో ‘తెలిసి ఉండటం’ అనే అర్థమిచ్చే ‘విసెన్’, ఇంగ్లీషులోని ‘విట్’, ‘వైజ్’, ‘విట్నెస్’ మన ‘వేద’ శబ్దం నుంచే పుట్టాయన్న వాదన మళ్లీ ప్రచారంలోకి వచ్చింది. చుట్టరికం నిజమే, అది ఎలాంటి చుట్టరికమన్నదే తగవు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలన్న విలియం జోన్స్ 1786 నాటి కలకత్తా ప్రసంగం అందరూ ఎరిగినదే కనుక, ఈ తగవును తేల్చిన 1870ల దగ్గరికే నేరుగా వెళ్లడం మేలు.

అంతవరకు సంస్కృతంలోని అచ్చులే అన్నిటికన్నా పాతవని యూరపు పండితులూ నమ్మారు. 1808లో జర్మన్ పండితుడు ఫ్రెడరిక్ ష్లెగెల్ సంస్కృతాన్నే మూలంగా భావించాడు. కాబట్టి నేటి వాదన ఒకప్పటి పండితుల మాటే. దాన్ని పడగొట్టింది ‘చకర’ (నేను చేశాను) వంటి చిన్న రూపం. భూతకాల రూపం కోసం ‘కృ’ (చేయు) ధాతువును రెట్టించినప్పుడు మొదటి ‘క’ మాత్రమే ‘చ’ అయింది, రెండోది కాలేదు. రెండుచోట్లా ఉన్నది అకారమే కదా, మరి ఈ తేడా ఎందుకు? మొదటిచోట ఒకనాడు ఎకారమూ రెండోచోట ఒకారమూ ఉండేవి గనుక. కన్నడ ‘కివి’కి సాటి మాట తెలుగులో ‘చెవి’ అయినట్టే, ఎకారం పక్కన ‘క’ మెత్తబడి ‘చ’ అయింది, ఆ తరువాతే రెండు అచ్చులూ అకారంలో కలిసిపోయాయి. థామ్సెన్, వెర్నర్, కొలిట్జ్, ష్మిట్, సొస్యూర్ వంటి భాషాశాస్త్రవేత్తలు ఇంచుమించు ఒకే కాలంలో, ఎవరికి వారుగా ఈ సంగతి గమనించారు.

ఇప్పుడు ‘వేద’ను చూడండి. ‘నాకు తెలుసు’ అనడానికి సంస్కృతంలో ‘వేద’ అంటే, గ్రీకులో ‘ఒయ్ద’ అంటారు. ఒకనాటి అయ్, ఎయ్, ఒయ్ మూడూ సంస్కృతంలో ఏకారమైపోగా గ్రీకు వాటిని వేరువేరుగా నిలుపుకుంది. తల్లి చెరిపేసుకున్న తేడాను బిడ్డ ప్రతి మాటలోనూ తప్పు లేకుండా తిరిగి కల్పించుకోలేదు. అంటే మూలం ‘వొయ్ద’ వంటిది. అందులో గ్రీకు వకారాన్ని పోగొట్టుకుంది. జర్మన్, ఇంగ్లీషుల శాఖ అయిన జర్మానిక్ ఒకారాన్ని అకారంగా, దకారాన్ని టకారంగా మార్చి, అదే శాఖలోని పాత భాష గోతిక్‌లో నాలుగో శతాబ్దపు బైబిల్ అనువాదంలో కనిపించే ‘వైట్’ రూపానికి చేరింది.

సంస్కృతాన్ని తల్లిగా చెప్పేవారు చూపే పోలికల్లో బలమైనది ఏక, బహువచనాల (నాకు తెలుసు–మాకు తెలుసు) మధ్య అచ్చు మార్పు: వేద–విద్మ, వైట్–విటుమ్, నేటి జర్మన్‌లో వైస్–విసెన్. అయితే హోమర్ గ్రీకులోనూ ఒయ్ద–ఇద్మెన్ ఉంది కనుక, ఆ పోలిక తోబుట్టువుల వాదాన్నే బలపరుస్తుంది. ‘చూశాను’ అనే రూపం ‘తెలుసు’ అన్న అర్థంలో స్థిరపడటం కూడా వీటన్నిటికీ ఉమ్మడి ఆస్తే.

ఇంగ్లీషులో క్రియగా ‘విట్’ దాదాపు కనుమరుగై, దాని చోటును ‘నో’ ఆక్రమించింది. అది ‘జ్ఞా’ ధాతువుకు చుట్టం. మనకు ‘విద్య’, ‘వేత్త’ సంస్కృతం నుంచి వచ్చిన తత్సమాలు. ‘ఎరుగు’, ‘తెలియు’ మాత్రం ఈ కుటుంబానివే కావు. తెలుగు, తమిళ, కన్నడాలది వేరే కుటుంబమని మద్రాసులోని ఈస్టిండియా కంపెనీ అధికారి ఎలిస్ 1816లోనే క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణ పీఠికకు జోడించిన వ్యాఖ్యలో నిరూపించాడు.