పిలకాయలూ, మీ వీడియో ఎందుకు దొరకడంలేదంటే

పిలకాయలకు,

మీ చానల్ చూశాను. అవ్వ చేత చేపల పులుసు చేయించి తీసిన వీడియో బ్రహ్మాండంగా వచ్చింది, ముక్క విరగకుండా గరిటె పెట్టకుండా దాకను రెండు పక్కలా పట్టుకొని తిప్పుతుందే, అది దగ్గరనుంచి తీయడం నాకు భలే నచ్చింది. కానీ దానికి పేరేం పెట్టారు? "అవ్వ చేతి మ్యాజిక్ పార్ట్ 3". నేనంటే మీ పెదనాన్నని కాబట్టి వెతుక్కొని చూశాను. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారం చేపలు తెచ్చుకొని, పులుసు ఎట్టా పెట్టాలో తెలియక ఫోన్ తీసినవాడికి మీ అవ్వ ఎవరో ఏం తెలుసు? వాడు కొట్టేది "నెల్లూరు చేపల పులుసు" అని. ఆ మాటలు మీ వీడియో పేరులో లేవు, కింద డిస్క్రిప్షన్‌లో లేవు. ఇంక దొరకమంటే ఎట్టా దొరుకుతుంది?

కీవర్డ్ కీవర్డ్ అని అందరూ పెద్ద బ్రహ్మవిద్యలాగా చెబుతుంటారు గానీ, వెతికేవాడు ఏ మాట కొడతాడో కనిపెట్టి ఆ మాటే మనం పెట్టడం, అంతకుమించి ఏం లేదు. కనిపెట్టడానికి డబ్బులు పెట్టి ఏ యాపూ కొనొద్దు. యూట్యూబ్ సెర్చ్‌లో "చేపల పులుసు" అని కొట్టి ఎంటర్ నొక్కకుండా ఆగండి. కింద వరసగా మాటలు దిగుతాయి చూడండి, అవి ఎక్కువగా జనం వెతికేవే. బ్రౌజర్‌లో పాత వెతుకులాటలు లెక్కలోకి రాకుండా చూసే ఇన్‌కాగ్నిటోలో చూస్తే మేలు, లేకపోతే మీరు రోజూ చూసేవే పైకొచ్చి కూర్చుంటాయి. మామిడికాయతో అని, బొమ్మిడాయిలు అని, కొర్రమేను అని ఒక్కో మాట కలుపుతూ పోండి. ఉత్త "వంటలు" అనే మాట జోలికి మాత్రం పోవద్దు, అక్కడ లక్షల మంది చూసే చానళ్లు ఉన్నాయి, వాటి మధ్య మీరు కనపడరు. "మామిడికాయతో బొమ్మిడాయిల పులుసు" అని వెతికేవాళ్లు తక్కువే, కానీ అట్టా వెతికినవాడికి చూపించడానికి వీడియోలు కూడా తక్కువే ఉంటాయి.

ఇంకో చిక్కుంది. మనవాళ్లు చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, ఆ స్పెల్లింగ్‌కి ఒక లెక్కా పత్రం ఉండదు. పైగా మన వైపు నోటికి వచ్చేది చాపల పులుసు, కాబట్టి ఒకడు సి హెచ్ తర్వాత ఈ కొడతాడు, ఇంకొకడు ఏ కొడతాడు. ఇట్టాంటివన్నీ టైటిల్‌లో కుక్కితే చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. ఇవి ట్యాగుల్లో, అంటే వీడియో ఎక్కించేటప్పుడు విడిగా మాటలు రాసుకునే పెట్టెలో వేయండి. ఆ పెట్టెలో 500 అక్షరాలు పడతాయి. వీడియో దొరకడంలో ట్యాగుల పాత్ర చాలా తక్కువని, జనం తరచుగా తప్పు స్పెల్లింగ్ కొట్టే మాటలకైతే పనికొస్తాయని యూట్యూబ్ వాళ్లే చెబుతున్నారు, కాబట్టి అక్కడ గంటలు గంటలు కూర్చోవద్దు.

చిన్నోడా, ఇది నీకే. ఆ ట్యాగుల్లో సినిమా హీరోల పేర్లు ఎందుకు పెట్టావురా? కావలి బస్సుకు ఒంగోలు బోర్డు పెట్టినట్టుంది. హీరో కోసం వచ్చినవాడు అవ్వ ఉల్లిపాయలు తరుగుతుంటే నిలబడి చూస్తాడా? ఠక్కున వెళ్లిపోతాడు, అట్టా వెళ్లిపోయేవాళ్లు ఎక్కువైతే యూట్యూబ్ ఇంకొకరికి చూపించడం తగ్గిస్తుంది. పైగా వీడియోలో లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం వాళ్ల రూల్స్‌కి విరుద్ధం, వీడియోనే తీసేయొచ్చు. డిస్క్రిప్షన్ కింద కామాలు పెట్టి మాటలు గుట్టగా పోయడం కూడా అంతే. హ్యాష్‌ట్యాగ్‌లు రెండు మూడు చాలు, 60 దాటితే ఒక్కటి కూడా లెక్కలోకి రాదు.

టైటిల్‌కి 100 అక్షరాలు ఇస్తారు, కానీ ఫోన్‌లో అంతా కనపడదు, అందుకని అసలు మాట ముందు రావాలి. "నెల్లూరు చేపల పులుసు | మామిడికాయతో అవ్వ చేసే పద్ధతి" అని పెట్టండి, మీ మ్యాజిక్ ముచ్చట థంబ్‌నెయిల్ మీద, అంటే వీడియో తెరవకముందు కనపడే బొమ్మ మీద రాసుకోండి. డిస్క్రిప్షన్ 5000 అక్షరాల దాకా రాయొచ్చు, అయినా చూసేవాడికి ముందు కనపడేది మొదటి రెండు లైన్లే. ఏ చేప, ఎంత చింతపండు, మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేయాలి, ఇవి మామూలు వాక్యాల్లో రాస్తే కావలసిన మాటలు వాటంతటవే పడతాయి.

ఉదయగిరి చెక్క గరిటెల వీడియో గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. జీఐ, అంటే ఫలానా ఊరి సొంత సరుకని ఇచ్చే గుర్తింపు ఉన్న పని అది, మీరు పెట్టిన పేరేమో "వావ్ ఏం ఆర్ట్". ఉదయగిరి పేరు తెలిసినవాడు ఊరి పేరుతో వెతుకుతాడు, సరే. కొనేవాళ్లలో సగం మందికి ఉదయగిరి ఎక్కడుందో కూడా తెలియదు, వాళ్లకు కావలసింది నాన్‌స్టిక్ పెనం గీరుకుపోకుండా ఒక గరిటె. వాళ్లు "నాన్‌స్టిక్‌కి చెక్క గరిటెలు" అని కొడతారు. ఊరి మాట, అవసరం మాట, రెండూ టైటిల్‌లో పడాలి.

రొట్టెల పండగకి ముందే తయారుగా ఉండండి. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరిగేది మొహర్రం లెక్కన కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. పండగ అయిపోయాక వీడియో పెడితే వెతికేవాడు ఉండడు. గూగుల్ ట్రెండ్స్‌లో యూట్యూబ్ సెర్చ్ అని మార్చుకుంటే ఏ మాట ఏ వారంలో లేస్తుందో గీత కనపడుతుంది. పండగ మొత్తం కలిపి ఒకే వీడియో చేయకుండా చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె విడివిడిగా చేయండి, వచ్చేవాళ్లు ఎవరి కోరిక రొట్టె కోసం వాళ్లే కదా వెతికేది.

ఈ లోపల ఒక పని చేసిపెట్టండి. యూట్యూబ్ స్టూడియోలో అనలిటిక్స్‌కి పోయి, ట్రాఫిక్ సోర్స్‌లో యూట్యూబ్ సెర్చ్ నొక్కితే, ఏ మాట కొట్టి మీ దగ్గరికి వచ్చారో జాబితా ఉంటుంది. మీరు అనుకోని మాటలే ఉంటాయి అందులో. "నీచు వాసన రాకుండా" అని ఎవరైనా వచ్చుంటే అదే తర్వాతి వీడియో, అవ్వ చేప కడిగే పద్ధతి ఒక్కటే తీసినా చాలు. ఆ జాబితా స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెట్టండి, ఆదివారం నేను కోవూరు వచ్చినప్పుడు కూర్చొని పాత టైటిళ్లన్నీ మారుద్దాం.

మీ పెదనాన్న