ఒళ్ళు పట్టించుకోవడం: ఉత్తరాంధ్రలో మాకు తరచూ వినిపించే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

ఉభాల రోజుల్లో వంగి నాట్లేసిన నడుములు, పలాస జీడి పరిశ్రమల్లో పొద్దస్తమానం కూర్చుని పిక్కలు కొట్టిన భుజాలు, పొందూరులో రాట్నం తిప్పిన మెడలు. సాయంత్రానికి అందరి నోటా ఒకటే మాట: ఒళ్ళు పులిసిపోయింది. నూనె రాసి ఒళ్ళు పట్టించుకుంటే హాయిగా ఉంటుందన్నది నిజం. ఆ హాయి ఎందుకు వస్తుందో చెప్పుకునే కారణాల్లోనే చాలా తప్పులున్నాయి. కారణం తప్పుగా నమ్మితే నొక్కకూడని చోట నొక్కుతాం, ఆపాల్సిన చోట ఆపం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మర్దన పని చేసేవాళ్ళుగా మేము మళ్ళీ మళ్ళీ జవాబు చెప్పాల్సి వచ్చే విషయాలివి.

అపోహ: కండల్లో చేరిన ఆమ్లాన్ని మర్దన పిండేస్తుంది

"పులిసిపోవడం" అన్న మాట వల్లనేమో, లోపల ఏదో పులుపు చేరిందనుకుంటారు. వ్యాయామ గురువులు దానికి లాక్టిక్ ఆమ్లం అని పేరు కూడా పెడతారు. బరువు పని చేసినప్పుడు కండల్లో లాక్టేట్ (ఒంట్లో ఆ ఆమ్లం ఉండే రూపం) పుట్టే మాట వాస్తవమే. పని ఆపిన గంట సేపట్లో అది దాదాపు మామూలు స్థాయికి వచ్చేస్తుంది. గుండె, కాలేయం, ఆ కండలే దాన్ని వాడేసుకుంటాయి. మర్నాడు మంచం దిగలేకపోవడానికి కారణం వేరే. అలవాటు లేని పని చేస్తే కండ పోగులు సన్నసన్నగా చిట్లుతాయి, అక్కడ వాపు పుడుతుంది. అందుకే నొప్పి పని చేసిన రోజు కంటే ఆ తర్వాత 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువ.

2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 11 మంది కుర్రాళ్ళ చేత అలిసిపోయేదాకా సైకిలు తొక్కించారు. ఒక్క కాలికి మాత్రం 10 నిమిషాలు మర్దన చేసి, రెండు తొడల నుంచీ చిన్న కండ ముక్క తీసి పోల్చి చూశారు. లాక్టేట్‌లో తేడా ఏమీ లేదు. వాపును రేపే సంకేతాలు మాత్రం మర్దన చేసిన కాలిలో తగ్గాయి. మర్దన వల్ల నొప్పి తగ్గడం నిజమే, దానికి పిండటంతో సంబంధం లేదు.

విజయనగరం దగ్గర కొండవెలగాడలో బరువులెత్తే పిల్లలకి ఇది పనికొచ్చే సంగతి. పోటీకి ముందు తొడలు గట్టిగా పిసికించుకుంటే బలం పెరగదు, కండ బిగువు సడలుతుంది. ముందు 5 నిమిషాలు తేలిగ్గా, త్వరత్వరగా రుద్దితే చాలు. అసలు మర్దన పోటీ అయ్యాక.

అపోహ: ఒంట్లో మలినాలన్నీ పోతాయి, కిడ్నీలు శుభ్రపడతాయి

మిగతా చోట్ల ఇది వట్టి తప్పు మాట. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మాత్రం ప్రాణాల మీదికి తెచ్చే మాట. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళలో ఉందో అక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. మలినాలను వడకట్టే పని కాలేయానిది, కిడ్నీలది. వీపు మీద ఎంత సేపు నూనె రుద్దినా క్రియాటినిన్ (కిడ్నీలు సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పెరిగే మలినం) తగ్గదు. "మర్దన చేయించుకుంటున్నాను కదా" అని రక్తపరీక్ష వాయిదా వేయడం, మందులు మానేయడం చేయకండి.

ఇదే ఉద్దానంలో మర్దన నిజంగా మేలు చేసే చోటు ఒకటుంది. రోజంతా కష్టం చేసి రాత్రికి ఒంటి నొప్పుల బిళ్ళ వేసుకోవడం చాలామందికి అలవాటైపోయింది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్ళలు కిడ్నీకి పోయే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు సరిగ్గా తాగని ఒంటి మీద ఆ దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. కండల నొప్పికి ఆ బిళ్ళకి బదులు 20 నిమిషాలు మర్దన, తర్వాత వేడినీళ్ళ స్నానం చేసి చూడండి. బిళ్ళ అవసరం పడే రోజులు తగ్గితే అదే పెద్ద లాభం.

డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి మూడు జాగ్రత్తలు. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషను చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతిని నొక్కకూడదు, పిసకకూడదు, దాని మీద బరువు పెట్టి పడుకోబెట్టకూడదు. రెండోది, "మర్దన అయ్యాక లీటరు, రెండు లీటర్ల నీళ్ళు తాగాలి" అన్న సలహా వీళ్ళకి పూర్తిగా నిషిద్ధం. డాక్టరు చెప్పిన కొలతే కొలత. మామూలు మనిషికైనా దాహమేస్తే తాగడం తప్ప ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదు. మూడోది కాళ్ళ వాపు. చీలమండ పైన బొటనవేలితో 5 సెకన్లు నొక్కి తీయండి. గుంట అలాగే నిలబడితే ఒంట్లో నీరు చేరుతోందని అర్థం. దాన్ని మర్దనతో పైకి తోసే ప్రయత్నం చేయకుండా డాక్టరుకి చూపించాలి. ఒళ్ళు పొడిబారి దురద పెట్టేవాళ్ళకి స్నానం కాగానే కొబ్బరి నూనె పలుచగా రాస్తే కొంత ఉపశమనం ఉంటుంది.

అపోహ: నొప్పి పుట్టేలా నొక్కితేనే పని చేసినట్టు

మాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే. మర్నాడు వీపు మీద కమిలిన మచ్చలు చూపించి "బాగా పట్టారు" అంటారు. కమలడమంటే చర్మం కింద సన్నని రక్తనాళాలు పగలడం. నొప్పి ఎక్కువైతే ఒళ్ళు తనను తాను కాపాడుకోవడానికి కండను ఇంకా బిగిస్తుంది. అప్పుడు మర్దన చేసేవాళ్ళు ఇంకా బలం పెడతారు. ఇద్దరూ అలిసిపోతారు, ముడి అలాగే ఉంటుంది.

అమెరికాలో సియాటిల్ ప్రాంతంలో పాత నడుము నొప్పి ఉన్న 401 మందితో చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. కొందరికి వారానికోసారి చొప్పున 10 వారాలు లోతు కండల మీద మర్దన, కొందరికి మామూలు హాయి మర్దన, ఇంకొందరికి మామూలు వైద్యం. రెండు మర్దనలూ మామూలు వైద్యం కంటే బాగా పని చేశాయి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇంట్లో నడుము, వీపు పట్టేటప్పుడు ఈ పద్ధతి పాటించండి. చాప మీద దుప్పటి మడిచి బోర్లా పడుకోబెట్టాలి. రొమ్ము కింద పలుచటి దిండు, చీలమండల కింద చుట్టిన తువ్వాలు. ఆ తువ్వాలు లేకపోతే నడుము వంపు మీద లాగుడు పడుతుంది. వీపుకి రెండు టీస్పూన్లు, అంటే 10 మిల్లీలీటర్ల నూనె చాలు. ఎక్కువ పోస్తే చెయ్యి జారుతుంది, కండ చేతికి దొరకదు. గిన్నెను పొయ్యి మీద పెట్టొద్దు. వేడినీళ్ళలో ఉంచి, మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసుకుని చూడండి.

మొదటి 4 నిమిషాలు అరచేతులు పూర్తిగా ఆనించి, వెన్నుపూసకి చెరో పక్కన నడుము నుంచి భుజాల దాకా తీసుకెళ్ళి, పక్కటెముకల మీదుగా దింపండి. నడుము నుంచి భుజం చేరడానికి మనసులో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టండి. చర్మంలో మెల్లని స్పర్శకే స్పందించే నరాలు కొన్ని ఉన్నాయి. చెయ్యి సెకనుకి సుమారు 3 సెంటీమీటర్ల వేగంతో కదిలినప్పుడు అవి బాగా పలుకుతాయి, 10 సెంటీమీటర్లు దాటితే పలకడం తగ్గిపోతుంది. గబగబా రుద్దితే వేడి పుడుతుంది గానీ ఆ ప్రశాంతత రాదు.

తర్వాత మెడకీ భుజానికీ నడుమ ఉండే లావు కండను బొటనవేలి మొదటికీ నాలుగు వేళ్ళకీ మధ్య పట్టుకుని, మూడు ఊపిరులు తీసేంత సేపు ఉంచి వదలండి. ముడి దొరికితే బొటనవేలి మెత్తతో 20, 30 సెకన్లు ఆనించి ఉంచాలి, గీకకూడదు. "పదికి ఎంత నొప్పి?" అని అడగండి. నాలుగైదు దాటకూడదు. అడిగితే మొహమాటపడి చెప్పని పెద్దవాళ్ళుంటారు. వాళ్ళ ఊపిరి చూడండి: బిగబట్టారంటే బరువు ఎక్కువైనట్టే, నిట్టూర్చారంటే సరిపోయినట్టు. వెన్నుపూస ఎముకల మీద, గొంతు పక్కన, చంకలో, మోకాలి వెనక గుంటలో నొక్కొద్దు. చివరి పక్కటెముకల కింద, వెనక వైపు కిడ్నీలుండే చోట గుద్దొద్దు.

అయిపోగానే లేపకండి. 5 నిమిషాలు పడుకోనిచ్చి, పక్కకి తిరిగి, చేత్తో ఊతమిచ్చుకుని కూర్చోమనండి. మర్దన వల్ల బీపీ కాస్త దిగుతుంది. బీపీ బిళ్ళలు వేసుకునే పెద్దవాళ్ళు ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరిగి పడిపోతారు. ఆ దిగడం కాసేపే కాబట్టి బిళ్ళ మానడం కుదరదు.

అపోహ: పండక్కి ఒకసారి తలంటుతో పాటు పట్టించుకుంటే చాలు

ఆ పూటకి హాయిగా ఉంటుంది. పాత నొప్పికి అది చాలదు. పాత మెడ నొప్పి ఉన్న 228 మందిపై జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, 4 వారాల పాటు వారానికి రెండు మూడు సార్లు గంట చొప్పున చేయించుకున్నవాళ్ళకి స్పష్టమైన మేలు కనిపించింది. అరగంట చొప్పున చేయించుకున్నవాళ్ళకి చెప్పుకోదగ్గ తేడా లేదు. కూలి పని మానుకుని ఎవరూ అంత సమయం పెట్టలేరని మాకు తెలుసు. నొప్పి ముదిరిన నెలలో వారానికి రెండు సార్లు, తర్వాత వారానికో పది రోజులకో ఒకసారి ఇంట్లోవాళ్ళే పట్టినా ఫలితం నిలుస్తుంది.

అపోహ: మర్దన ఒంటికే, మనసుకి ఏం చేస్తుంది?

37 అధ్యయనాలను కలిపి 2004లో చేసిన విశ్లేషణలో మర్దన వల్ల అన్నిటికంటే ఎక్కువగా తగ్గినవి ఎప్పుడూ వెంటాడే ఆందోళన, దిగులు. అదీ ఒక్కసారికి కాదు, వరసగా చేయించుకున్నవాళ్ళలో. ఒక్కసారికే ఆ పూట గుండె వేగం, కంగారు తగ్గుతాయి. నిద్ర పట్టనివాళ్ళకి పడుకునే గంట ముందు అరికాళ్ళు పట్టడం మేము సూచిస్తాం.

మన జిల్లాల్లో పిల్లలు విశాఖ, హైదరాబాద్, చెన్నై వలసపోతే ఊళ్ళో ముసలివాళ్ళు ఒంటరిగా మిగిలిపోతున్నారు. నెలల తరబడి వాళ్ళ ఒంటి మీద ఒక మనిషి చెయ్యి పడదు. సెలవులకి వచ్చిన మనవలు అమ్మమ్మ చేతులు ఒక్కోటి 5 నిమిషాలు పట్టండి: మణికట్టు నుంచి వేలి కొసదాకా, ఒక్కో వేలూ విడివిడిగా. ముసలి చర్మం కాగితంలా పలుచన, లాగితే చిరుగుతుంది. నూనె ఎక్కువ, బరువు తక్కువ. షుగరు ఉండి పాదాలు మొద్దుబారినవాళ్ళకి వేడి నూనె వద్దు, కాలినా వాళ్ళకి తెలియదు. దిగులు ముదిరి తిండి మానేసినా, చావు మాటలు మాట్లాడినా మర్దనతో సరిపెట్టకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి.

అపోహ: బెణికితే వెంటనే నూనె రాసి రుద్దాలి

మొదటి 48 గంటలు చెయ్యి వేయొద్దు. గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం. లోపల రక్తం కారుతుండగా రుద్దితే వాపు ఇంకా పెరుగుతుంది. ముఖ్యంగా పిల్లల మోచేయి. దెబ్బ తగిలిన మోచేతిని నాటు కట్టు దగ్గర రోజూ రుద్ది వంచితే, కండలో ఎముక పేరుకుని చెయ్యి మళ్ళీ పూర్తిగా వంగకుండా పోయే ప్రమాదం ఉంది. ముందు ఎక్స్‌రే.

సెలూన్లో మెడ పుటుక్కుమనిపించడం కూడా మానండి. మెడ ఎముకల గుండా మెదడుకి పోయే రక్తనాళం చిరిగితే పక్షవాతం రావచ్చు. ఆ చప్పుడుకీ నొప్పి తగ్గడానికీ సంబంధం లేదు.

అపోహ: కాలు వాస్తే పట్టించాలి

ఒక్క పిక్కే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే, అదీ కాన్పు, ఆపరేషను, దూర ప్రయాణం, మంచాన పడటం తర్వాతైతే, అక్కడ చెయ్యే వేయకూడదు. రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకి చేరొచ్చు. ఇది అదే రోజు ఆసుపత్రికి పోవాల్సిన విషయం.

బోదకాలు ఉన్నవాళ్ళకి గట్టి మర్దన వద్దు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా ఒత్తి, కాలు ఎత్తులో పెట్టుకుని, మడమ పైకీ కిందికీ ఆడించడమే మేలు. జ్వరం వచ్చి, కాలు ఎర్రబడి, గజ్జల్లో బిళ్ళ కట్టిన రోజుల్లో మర్దనా వద్దు, వేడి కాపడమూ వద్దు. చన్నీళ్ళ గుడ్డ, విశ్రాంతి, డాక్టరు.

మరికొన్ని చిన్నవి

నూనె ఎముకకి పట్టదు, చర్మం పై పొరల్లోనే ఉండిపోతుంది. దాని పని చెయ్యి సాఫీగా కదలనివ్వడం, చర్మాన్ని మెత్తబరచడం. గానుగ నువ్వుల నూనైనా ఉద్దానం కొబ్బరి నూనైనా ఒకటే. మర్దనతో కొవ్వు కరగదు. తేలికపాటి మర్దనతో క్యాన్సర్ పాకదు. గడ్డ ఉన్న చోటు, రేడియేషన్ ఇచ్చిన చోటు వదిలేసి, డాక్టరుని అడిగి చేయొచ్చు. రక్తం పలుచనయ్యే మందులు వాడేవాళ్ళు ముందే చెప్పాలి.

అపోహ: పసిబిడ్డకి ఎంత గట్టిగా నలిస్తే అంత బలం

1986లో అమెరికాలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకి రోజుకి మూడు సార్లు, 15 నిమిషాల చొప్పున 10 రోజులు మర్దన చేస్తే, చేయనివాళ్ళ కంటే రోజుకి 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. చేసింది మధ్యస్థమైన ఒత్తిడితో. మరీ తేలిగ్గా తాకితే బిడ్డకి గిలిగింత, గట్టిగా నలిస్తే ఏడుపు. మీ కనురెప్ప మూసి వేలితో నొక్కినా ఇబ్బంది కలగనంత బరువు అనుకోండి.

పాలు తాగిన గంట తర్వాత, చల్లగాలి కొట్టని గదిలో, కొబ్బరి నూనెతో. ఇచ్ఛాపురం వైపు వాడే ఆవనూనె పసి చర్మాన్ని మండిస్తుంది, వద్దు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయొద్దు. ముక్కులో వేసింది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. తల గుండ్రంగా రావాలని అదమడం, పుట్టిన బిడ్డ రొమ్ములు పిండటం అసలు చేయకూడదు. పిండితే అక్కడ చీము పడుతుంది. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ కూడా ఆ చిన్న ఊపిరితిత్తులకి భారం.

కాళ్ళతో మొదలుపెట్టండి, తొడ నుంచి పాదం దాకా. పొట్ట మీద గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా. బిడ్డ కళ్ళలోకి చూస్తూ మాట్లాడుతూ చేయండి. ముఖం పక్కకి తిప్పుకున్నా, వేళ్ళు విప్పార్చి బిగుసుకున్నా, ఎక్కిళ్ళు మొదలైనా ఆ పూటకి ఆపేసి గుడ్డ చుట్టి ఎత్తుకోండి.